కొత్త బండి మీద మా మామ

మా మామ పోయిండని ఫోనొచ్చినప్పుడు నేను చెల్పూరు అవతల ఒక ఊర్లె ఉన్న. డాక్టరు సారు మేకలకు టీకాలేస్తుంటే ఒక్కొక్కదాన్ని పట్టుకొని నిలబడుతున్న. పశువుల దవాఖానల నాది అటెండర్ కొలువు. ఫోన్ చేసింది మా పక్కింటి అక్క. "చెల్లె, పొద్దుగాల్ల నుంచి మామ తలుపు తీస్తలేడని పోయి చూసినం" అన్నది. నేను అడిగిన, "దవాఖానకు తీస్కపోయిండ్రా?" అని.

"తీస్కపోయేటందుకు ఏం లేదు చెల్లె. నిద్రలనే పోయిండు."

చేతిల ఉన్న మేకను ఇడిసిపెట్టాలన్న సోయి గూడ నాకు రాలే. సారే వచ్చి నా చేతులకెల్లి తీస్కున్నడు. "కారు మాట్లాడుత, బండి మీద పోకమ్మా" అన్నడు. ఆయన నా మంచికే చెప్పిండు. కని అంత దూరం కారుల చేతులు ముడుచుకొని కూసునుడు నాతోని కాదనిపించింది. బండి మీదనే పోయిన. పరకాల మీదుగ, హన్మకొండ ట్రాఫిక్కులకెల్లి, స్టేషన్ ఘన్‌పూర్ దాక. యాడ ఆగిన్నో, యాడ ఆగలేదో ఇప్పుడు యాదికి లేదు. మనసు యాడనో ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుంట పోయినయి. ఆ చేతులకు ఆ పని నేర్పింది మా మామనే.

మామ అంటే మా ఆయన తండ్రి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లెల ఎవుసం చేసుకొని బతికిన మనిషి. ఊర్లె పదిమందిల నిలబడి మాట్లాడినోడు కాదు. సభలల్ల దండ ఏపిచ్చుకున్నోడు కాదు. నేను తప్ప ఆయన గురించి రాసేటోళ్లు ఎవ్వలు లేరు. అందుకే రాస్తున్న.

పెండ్లయిన కొన్నేండ్లకే మా ఆయన పోయిండు. కొత్త బండి కొన్న వారంలనే. అప్పుడే వానలు మొదలైనయి. కొత్త టైర్లు నున్నగ ఉంటయి, ఆ నునుపు పోయేదాక మలుపుల కాడ బండిని ఒరిగించి కొట్టొద్దన్న సంగతి ఆయనకు ఎరుక లేదు. మాకూ ఎరుక లేదు. పాలకుర్తి తొవ్వల ఒక మలుపు కాడ జారిండు. ఏ లారీ రాలే, ఎవ్వలు గుద్దలే. ఒక్కడే జారి, ఒక్కడే పడి ఉన్నడు.

మా అత్త అంతకుముందే పోయింది. ఇగ ఇంట్ల మిగిలింది మామ, నేను. ఆయన అరుగు మీద, నేను వంటింట్ల. అన్నం పెడితే మామ తినేది, చెయ్యి కడుక్కునేది, లేచిపోయేది. మా ఇద్దరికీ ఒక్కటే దుఃఖం. అయినా ఎదురుపడితే ఇద్దరికీ మాట రాకపోతుండె. ఆయన మొకంల నాకు మా ఆయన కనవడుతుండె. నా మొకంల ఆయనకు ఏం కనవడుతుండెనో ఎన్నడూ చెప్పలే. మా తల్లిగారోళ్లు నన్ను తీస్కపోతమని వచ్చిండ్రు. మామ ఒక్కటే మాటన్నడు. "పోతనంటే పంపుత. ఉంటనంటే బిడ్డోలె చూస్కుంట. నీ ఇష్టం బిడ్డా." నేను ఉన్న. ఎందుకున్ననో నాకే తెల్వదు. ఆయనకు అన్నం ఎవరు పెడుతరన్నది ఒకటైతే, మా ఆయన తిరిగిన ఇల్లు ఇడిసి పోబుద్ధి గాకపోవుడు ఇంకొకటి.

పశువుల దవాఖానల మా ఆయన చేసిన కొలువే సర్కారోళ్లు నాకిచ్చి నర్సింహులపేటల పోస్టింగ్ ఏసిండ్రు. టీకాల డబ్బా పట్టుకొని తండాలు తిరగాలె. బస్సులు సరిగ్గ ఉండయి. నెల తిరగకముందే నేను పరేషాన్ అయిపోయిన. ఒకనాడు అన్నం తినుకుంట మామ అన్నడు, "బండి కొందాం బిడ్డా."

నేను స్కూటీ అనుకున్న, నాకు నడుపొచ్చేది అదొక్కటే. "స్కూటీ కాదు. ఆ తండాల తొవ్వలల్ల చిన్న చక్రాలు గుంతలల్ల పడుతయి. మోటర్ సైకిలే కొందాం" అన్నడు. నేను కంచం దిక్కే చూస్తున్న. ఆ ఇంట్లకు మళ్ల బండి వస్తదని నేను కలల గూడ అనుకోలే. ఆయన ఇంకో ముద్ద కలిపిండు, తినలే. "భయపడి ఎంతకాలం ఇంట్ల కూసుంటం?" అన్నడు. నన్నే అడిగిండో, తనను తానే అడుక్కున్నడో.

జనగామ షోరూంల బండి తీసుకున్ననాడు అందరు దానికి బొట్టు పెట్టుడు, దండ ఏసుడు చూస్తున్నరు. మామ మాత్రం కింద కూసొని బొటనవేలుతోని టైరు రాసి చూస్తున్నడు. తాళాలు ఇచ్చే పిల్లగాడు గబగబ నాలుగు మాటలు చెప్పిండు. "జర ఆగు బిడ్డా. మెల్లగ చెప్పు. మేం వినేటందుకే వచ్చినం" అన్నడు మామ. ఆ పిల్లగాడు మళ్ల మొదటి నుంచి చెప్పిండు. మామ ఒక్కొక్క మాటకు తలూపి, "మరి వానల ఎట్ల?" అని అడిగిండు. ఆ అడుగుడుల ఏమున్నదో ఆ పిల్లగానికి తెల్వదు. నాకు తెలుసు. నేను అవతలికి పోయి నిలబడ్డ.

బండితోని వచ్చిన పుస్తకం ఇంగ్లీషుల ఉన్నది. నేను చదివి అర్థం చెప్తుంటి, ఆయన అరుగు మీద కండ్లు మూసుకొని వింటుండె. విన్నది తెల్లారి నాతోని చేయిస్తుండె. బండి ఎక్కకముందే చుట్టు తిరిగి చూడాలె. టైరుల గాలి, చైను వదులు, ఇంజన్ల ఆయిల్, బ్రేకులు. స్టార్ట్ చేసినంక ఎంటనే ఉరికించొద్దు. "నిద్ర లేపినంక మనిషికైనా కండ్లు నలుపుకునే టైమియ్యాలె గద" అంటుండె. కొత్తల నలభై దాటొద్దు. అట్లని పొద్దంత ఒక్కటే స్పీడు మీద పోవద్దు. జర పెంచాలె, జర తగ్గియ్యాలె, గేర్లు మార్చుకుంట పోవాలె. పై గేర్ల ఏసి మూలిగియ్యొద్దు, కింది గేర్ల ఏసి అరిపియ్యొద్దు. క్లచ్చు మీద ఊరికె చెయ్యి పెట్టొద్దు. కొత్త బ్రేకును ఒక్కసారే గట్టిగ పట్టొద్దు, కొన్నిరోజులు మెత్తగ అలవాటు చెయ్యాలె.

బరువు ఎయ్యొద్దని గూడ పుస్తకంల ఉన్నది. మొదటిరోజు ఆయన వెనుక కూసుంటుంటే నవ్వొచ్చింది. "బరువు ఎయ్యొద్దన్నరు గద మామా, నువ్వెట్ల ఎక్కుతవు?" అన్న.

"నాల ఏమున్నది బిడ్డా, బొక్కలే గద" అన్నడు. చానా రోజులకు ఆ ఇంటి ముంగట ఇద్దరం నవ్వినం.

కోడలు ముందు, మామ వెనుక. ఊర్లె ఊకుంటరా? ఒకామె ఊరి నడిమిట్ల పదిమంది కూసునే కచీరు కాడ నిలబడి అననే అన్నది, "ఏందే ముసలోడా, ఆడిపిల్ల నడుపుతుంటే వెనుక కూసున్నవు?"

"నేను ముందు కూసుంటే ఆమెకు తొవ్వ కనవడదు అవ్వా" అన్నడు మామ.

రోజు పొద్దున్నే అట్ల తిరిగినం. బండి కుదురుకోవాలెనంటే తిప్పాలె, తిప్పాలెనంటే యాడికో పోవాలె. పనేమీ లేకున్నా పోయినం. అప్పుడు నాకొకటి సమజైంది. ఇంట్ల ఎదురెదురుగ కూసుంటే రాని మాట బండి మీద వస్తున్నది. ఆయన మొకం నాకు కనవడది, నా మొకం ఆయనకు కనవడది. మెల్లగ పోతున్నం గాబట్టి గాలి గూడ మాటను ఎత్కపోదు. చిన్నప్పుడు మా ఆయన బర్రె మీద కూసొని బడికి పోతనని ఏడ్సిన సంగతి, మా అత్తకు తెల్వకుండ తండ్రీకొడుకులు జనగామల మిర్చి బజ్జీలు తిని వచ్చిన సంగతి, నేనెన్నడూ వినని ముచ్చట్లన్నీ వెనుక నుంచి ఒక్కొక్కటి వచ్చేటివి. ఒక్కోసారి నడిమిట్ల ఆగిపోతుండె. నేను వెనుకకు తిరుగకపోతుంటి.

ఒకనాడు పాలకుర్తి తొవ్వకు తిప్పమన్నడు. అప్పటిదాక ఆ తొవ్వను ఇద్దరం తప్పించుకుంట వచ్చినం. ఆ మలుపు దగ్గరికి రాంగనే నేను బండిని పక్కకు తీయబోయిన. "ఆపకు బిడ్డా" అన్నడు మామ. "మలుపుకు ముందే తగ్గియ్యి. గేరు మార్చు. మలుపుల బ్రేకు పట్టకు. చూపు తొవ్వ పోయే దిక్కు పెట్టు, కిందికి చూడకు." ఆయన చెప్పినట్టే చేసిన. బండి మెల్లగ, నిటారుగ మలుపు దాటింది. జర దూరం పోయినంక ఆపుమన్నడు. దిగి, రోడ్డు పక్కన ఉన్న బస్సు షెల్టర్ల కూసున్నడు.

"వాడు బండి తెచ్చిననాడు నేను ఒక్కటే అడిగిన. మైలేజ్ ఎంతిస్తదిరా అని" అన్నడు. "టైరు సంగతి అడుగుదునా? వాన సంగతి అడుగుదునా? నాకు ఎరుకనే లేకపాయె."

"ఎవ్వలకూ ఎరుక లేదు మామా" అన్న.

"ఊఁ" అన్నడు. రుమాలు తీసి మొకం తుడుచుకున్నడు. నేను పక్కన కూసున్న. ఒక బస్సు వచ్చి ఆగింది, కండక్టరు మా దిక్కు చూసిండు, మేం లేవకపోతే పోయింది. ఆయన కొడుకు కోసం ఏడ్సుడు నేను చూసింది ఆ ఒక్కనాడే.

మొదటి సర్వీసుకు మళ్ల జనగామ పోయినం. మెకానిక్ ఇంజన్ కిందికెల్లి పాత ఆయిల్ ఇడిసిండు. అప్పుడే అంత నల్లగ అయ్యిందా అని నేను భయపడ్డ. ఆయన ఆయిలు వేలికి రాసుకొని మామకు చూపిచ్చిండు, సన్నగ మెరుస్తున్నది. కొత్త ఇంజన్ల సామాన్లు ఒకదానికొకటి రాసుకొని అరిగితే వచ్చే పొడి అది, అందుకే మొదటి సర్వీసు తప్పొద్దని చెప్పిండు. మామ చానాసేపు ఆ వేలు దిక్కే చూసిండు. "జర అరిగితేనే కుదురుకుంటదన్నట్టు" అన్నడు.

ఆ తర్వాత ఆయన నా వెనుక ఎక్కలే. "ఇగ నువ్వు పో. పైలం" అన్నడు. నేను నర్సింహులపేటల ఒక అర్ర కిరాయికి తీస్కున్న. వారానికోసారి ఇంటికి పోతుంటి. రోజు పొద్దుమీకంగనే మామ ఫోన్ చేసేది. నువ్వెట్ల ఉన్నవు, తిన్నవా అని ఎన్నడూ అడగలే. "బండి ఎట్ల ఉన్నది?" అనే అడుగుతుండె. మంచిగున్నది మామా అంటే, "మంచిది" అని పెట్టేస్తుండె. అదే మా ఇద్దరి యోగక్షేమం. ఒక్కోనాడు గుండె బరువెక్కి ఉంటే, చైను సప్పుడు చేస్తున్నది మామా అని అబద్ధం చెప్తుంటి. అప్పుడు జరసేపు ఎక్కువ మాట్లాడుతుండె.

చెల్పూరు దిక్కు బదిలీ అయినంక దూరం పెరిగింది. ఇంటికి పోవుడు తగ్గింది. "అటు కరెంటు ప్లాంటు బొగ్గు లారీలు, బూడిద లారీలు తిరుగుతయి. వాటి వెనుక దగ్గరగ పోకు. రోడ్డు మీద ఇసుక ఉంటే బ్రేకు పట్టకు" అని చెప్పి పంపిండు. పోయిన పండుగకు పోయినప్పుడు ఇంకొకటి గూడ అన్నడు. "మంచి మనిషి దొరికితే పెండ్లి చేస్కో బిడ్డా. నా కోసం ఆగకు." నేను గిన్నెలు తోముకుంట విననట్టు ఊకున్న.

నేను ఇంటికి చేరేసరికి మామను వాకిట్ల పండుకోబెట్టిండ్రు. చుట్టపోళ్లల్ల ఒకాయన తొందర పడుతున్నడు. తలకొరివి పెట్టేటందుకు మామ తమ్ముని కొడుకు ఉన్నడు, కోడలు కోసం ఎంతసేపు ఆగుతమని. పక్కింటి అక్క మామ ముంగట అడ్డం నిలబడ్డది. నన్ను చూడంగనే గట్టిగ అన్నది, "మామ నాకు బతికున్నప్పుడే చెప్పిండు. నాకేమన్నయితే నా కోడలు వచ్చేదాక లేపొద్దన్నడు. ఆమెనే నిప్పు పడుతది అన్నడు. ఆమె బండి మీద వస్తది, మెల్లగ వస్తది, ఫోన్ల మీద ఫోన్లు చేసి తొందర పెట్టకుండ్రి అన్నడు."

తమ్ముని కొడుకే నిప్పుకుండ తెచ్చి నా చేతుల పెట్టిండు. నేను ముందు నడిచిన.

దినాలు అయిపోయినయి. ఇంటికి తాళం ఏసి చెల్పూరుకు బయలెల్లిన. స్టేషన్ కాడ రైల్వే గేటు పడ్డది. అందరు బండ్లు బంద్ చేసిండ్రు. నేను గూడ చేసిన. పొడుగాటి గూడ్సు బండి, డబ్బా ఎనుక డబ్బా, పోతనే ఉన్నది. ఒక్క మనిషి లేడు దాంట్ల. ఆఖరి డబ్బా దాటినంక పట్టాలు చానాసేపు సన్నగ మోగినయి. గేటు లేచింది. ఆటోలు, కార్లు, స్కూటర్లు ఒక్కొక్కటి పోయినయి. రోడ్డంత ఖాళీ అయింది. గేటు కాడ పనిచేసే మనిషి చెయ్యి ఊపిండు, పో అమ్మా అని. నేను ఇంకా అట్లనే ఉన్న, ఒక కాలు నేల మీద పెట్టి.