ఛాయాదేవి మూడు పేజీల అర్జీ

డాక్టర్ ఛాయాదేవికి క్లుప్తంగా రాయడం చేతకాదు. అమెరికాలోని కొలంబస్‌లో ముప్పై ఎనిమిదేళ్ళు ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ ఆవిడ రాసిన కేసు షీట్లు చూసి నర్సులు తలలు పట్టుకునేవారు. దగ్గుతో వచ్చిన రైతుకి ఎన్ని ఆవులున్నాయో, ఆయన కూతురు ఏ ఊళ్ళో కాపురం ఉంటోందో కూడా అందులో ఉండేది. "ఇదంతా నిన్నెవరడిగారు?" అని భర్త విశ్వనాథం ఆట పట్టిస్తే నవ్వి ఊరుకునేది, మళ్ళీ అలాగే రాసేది.

విశ్వనాథం ఒహాయో రాష్ట్ర రహదారుల శాఖలో వంతెనల ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఫొటోలకెక్కే వంతెనలేమీ కావు, మొక్కజొన్న చేల మధ్య పారే వాగుల మీద కట్టిన చిన్న చిన్నవి. ఏటా అక్టోబరులో కారేసుకుని, పెళ్ళయి వెళ్ళిన కూతుళ్ళను చూసి వచ్చినట్టు వాటిని చూసి వచ్చేవాడు. పులిహోర డబ్బా పట్టుకుని ఛాయాదేవి కూడా బయలుదేరేది. కిందటేడు మాత్రం మోకాళ్ళ నొప్పులని మానేసింది. ఆయన ఒక్కడే వెళ్ళాడు. ఇంటికి రెండు గంటల దూరంలో, చుట్టుపక్కల ఇల్లంటూ కనబడని ఓ పల్లెటూరి కౌంటీ రోడ్డు పక్కన కారు ఆపుకుని పోయాడు. గుండెపోటు. అప్పటికి డెబ్భై ఆరేళ్ళు.

సంవత్సరీకం నెల రోజుల్లో ఉందనగా గుడి పురోహితుడు రాధాకృష్ణశర్మ ఫోన్ చేశాడు.

"అమ్మా, తిథి దగ్గర చిన్న చిక్కొచ్చిందండీ. డెత్ సర్టిఫికెట్‌లో సాయంత్రం ఆరూ యాభై రెండు అని ఉంది. ఆ రోజు అయిదూ నలభై నాలుక్కే నవమి వెళ్ళిపోయి దశమి వచ్చేసింది. దాని ప్రకారం దశమి. కానీ మనకి ప్రాణం పోయిన టైమ్ కావాలి కదా. అది అదేనంటారా?"

"కాదండీ. అది ఎవరో వచ్చి చూసి డిక్లేర్ చేసిన టైమ్."

మాసికాలన్నీ పదకొండో రోజునే ముందుకు లాగి పెట్టించేశారు కాబట్టి ఈ ప్రశ్న అప్పుడు రాలేదు. ఇప్పుడు వచ్చి ఆవిడ గుండెల మీద కూర్చుంది. ఆ రెండు సమయాలకీ ఉన్న తేడా ఆవిడకి తెలియనిదా? ఎన్ని సర్టిఫికెట్లు తన చేత్తో రాయలేదు! ఫలానా గదిలో పేషంటు పోయాడని నర్సు చెబితే, చేతిలో పని ముగించుకుని వెళ్ళి, నాడి చూసి, గోడ గడియారంలో ఎంత కనబడితే అంత వేసేది. అయిదు నిమిషాలు అటో ఇటో సర్ది రాసిన రోజులూ ఉన్నాయి. ఆ నిమిషాల కోసం ఏదో ఒక ఇంట్లో ఎవరో కాచుకుని కూర్చుంటారని ఒక్కనాడూ తోచలేదు. ఇన్నాళ్ళకి తోచింది, సిగ్గేసింది.

నిజం చెప్పాలంటే ఆవిడని పదకొండు నెలలుగా కాల్చుకు తింటున్నది తిథి కాదు. ఆ కారులో ఆయన ఎంతసేపు ఒంటరిగా ఉన్నాడు? నొప్పి మొదలయ్యాక ఎవరి కోసం చూశాడు? ఈ మాట ఎవరినడగాలో తెలియక ఎవరినీ అడగలేదు. ఇప్పుడు శర్మగారి పుణ్యమా అని అడగడానికో సాకు దొరికింది.

కొడుకు అనూప్ కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఉంటాడు. విషయం వినగానే లాప్‌టాప్ తెరిచాడు.

"అమ్మా, ఆ కౌంటీ షెరిఫ్ ఆఫీస్‌కి ఆన్‌లైన్‌లో రిక్వెస్ట్ పెట్టేస్తా. పోలీస్ రిపోర్ట్ కావాలని వన్ లైన్ చాలు. ఎందుకో చెప్పక్కర్లేదు కూడా. ఇక్కడ లా అంతే."

నాలుగు రోజుల్లో ఒక్క పేజీ వచ్చింది. సాయంత్రం అయిదూ యాభై ఒకటికి డిప్యూటీ, అంటే షెరిఫ్ కింది పోలీసు, అక్కడికి చేరినప్పుడు వృద్ధుడొకడు స్పృహ లేకుండా 'కనుగొనబడ్డాడు', అనుమానించదగ్గదేమీ లేదు. అంతే. నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి, పోయిన గొడుగు దొరికినట్టు దొరికాడన్నమాట! పైగా డిప్యూటీ చేరింది నవమి వెళ్ళిన ఏడు నిమిషాలకి కాబట్టి, ప్రాణం పోయింది నవమిలోనో దశమిలోనో కూడా తేలలేదు.

"పోనీలేమ్మా, ఇన్‌స్టంట్‌గా పోయుంటారు," అన్నాడు అనూప్. "దశమికే పెట్టేసుకుందాం. నాక్కూడా అది వీకెండ్ పడుతుంది."

"మీ నాన్న ఎప్పుడు పోయారో నీ వీకెండ్ చూసి తేలుద్దామా?" అని ఫోన్ పెట్టేసింది. వాడి ఉద్దేశం మంచిదేనని తెలుసు. అయినా కోపం ఆగలేదు.

మర్నాడు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని కాగితాలు ముందేసుకుంది. గుంటూరు మెడికల్ కాలేజీలో హాస్టల్ వార్డెన్‌కి సెలవు అర్జీ రాసిన పద్ధతిలోనే, గౌరవనీయులైన అయ్యా లేక అమ్మా అని మొదలుపెట్టింది. మూడు పేజీలయింది. విశ్వనాథం ఎవరు, ఆ రోడ్డు మీద ఏ వాగు దగ్గర ఏ వంతెన కట్టాడు, తనెందుకు వెళ్ళలేదు, అన్నీ రాసింది. ఆఖరికి ఇలా రాసింది: "మేము చనిపోయినవారి రోజును చంద్రుణ్ణి బట్టి లెక్క కడతాము. ఏడాదికొకసారి ఆయనకు అన్నం పెట్టే రోజు ఆ నిమిషం మీద ఆధారపడి ఉంది. రోజు తప్పితే ఆయన ఆకలితో వెనక్కి వెళతారని నేను నమ్ముతానో లేదో నాకే తెలియదు. కాని ఒకసారి ఆయనతో వెళ్ళకుండా పొరపాటు చేశాను. రెండోసారి చేయదలచుకోలేదు."

దానికి డెత్ సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్, తన డాక్టరు లైసెన్సు కాపీలు జతచేసి, ప్రతిదాని మీదా 'అసలుతో సరిపోల్చాను' అని తనే సంతకం పెట్టింది. స్టాంపులు అంటించిన తిరుగు కవరు కూడా పెట్టింది. సంగతి విన్న అనూప్ "అమ్మా, లైసెన్స్ ఎందుకు?" అని నవ్వాడు. ఈ దేశంలో ఆ కాగితాల్లో ఒక్కటీ ఎవరికీ అక్కర్లేదు. ఆవిడ పెట్టకుండా ఉండలేకపోయింది.

తొమ్మిదో రోజు పొద్దున్న షెరిఫ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. రికార్డులు చూసే బార్బ్ అనే ఆవిడ.

"మీ ఉత్తరం చదివానండీ, మూడు పేజీలూ," అంది బార్బ్, ఆ పల్లెటూరి నిదానపు ఇంగ్లీషులో. "మా దగ్గరికి ఇంత పెద్ద ఉత్తరాలు రావు. మీకు కావలసింది ఆ రిపోర్టులో ఉండదు. డిప్యూటీ తను వెళ్ళినప్పటి నుంచే రాస్తాడు. అంతకు ముందు సంగతి 911 ఎమర్జెన్సీ ఫోన్ల కాల్ లాగ్‌లో ఉంటుంది. అది విడిగా అడగాలని బయటివాళ్ళకి తెలీదు, అడక్కపోతే మేం ఇవ్వం. మీరు ఎందుకో రాశారు గనక నేనే వెతికి తీశాను. కాస్త కూర్చుని చదవండి."

రెండు రోజులకి, తను స్టాంపులంటించి పంపిన కవరే ఆ కాల్ లాగ్‌తో తిరిగి వచ్చింది. ఛాయాదేవి కూర్చునే చదివింది.

అయిదూ పన్నెండు. పాల ట్యాంకర్ నడిపే స్త్రీ ఫోన్ చేసింది. రోడ్డు పక్క కారులో పెద్దాయన ఛాతీ పట్టుకుని ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. అయిదూ పదిహేను. డిప్యూటీ కౌంటీకి ఆ చివర ఉన్నాడు, అంబులెన్సుకీ చాలా సమయం పడుతుంది. అయిదూ పంతొమ్మిది. ఫోన్ చేసినావిడ కారెక్కి ఆయన పక్కన కూర్చుంది, చెయ్యి పట్టుకుంది. అయిదూ ఇరవై ఏడు. ఆయన ఇంగ్లీషు మానేశాడు. తన భాషలో ఏదో అడుగుతున్నట్టుంది. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు, అన్నిటికీ సరే సరే అంటోంది. అయిదూ ముప్పై ఆరు. మాట ఆగింది, ఊపిరి లేదు. ఆవిడ ఆయన్ని కిందికి దించి ఛాతీ నొక్కుతోంది. అయిదూ యాభై ఒకటి. డిప్యూటీ వచ్చేదాకా నొక్కుతూనే ఉంది.

ఛాయాదేవి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, ఏడాదిగా ఏడవనంత ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని శర్మకి ఫోన్ చేసింది.

"అయిదూ ముప్పై ఆరండీ. నవమే."

"మంచిదమ్మా. నవమికే పెడదాం. అనూప్ గారితో నేను మాట్లాడతాను." శర్మ మొహమాటంగా అడిగాడు. "ఆఖర్లో ఆయన దగ్గర ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"ఉన్నారండీ," అంది ఛాయాదేవి. "ఆయన ఏమడిగారో తెలీదు. ఏదడిగినా సరే అన్నారు."