కడిగిన గొట్టం

2018 మార్చి 5, సోమవారం, ఉదయం 7 గంటల 10 నిమిషాలు. స్టుట్‌గార్ట్ నగరంలో, కాల్టెన్‌బ్రున్ వీధి పద్దెనిమిదో నంబరు ఇంటి ముందు, అరవై ఏడేళ్ళ రోస్విటా ఎబెర్లె మూడు మెట్ల నిచ్చెన ఎక్కి, వాననీటి గొట్టానికి నేల నుంచి రెండున్నర మీటర్ల ఎత్తున, చూపుడు వేలంత ప్లాస్టిక్ గొట్టం ఒకటి కట్టింది. దాని తెరిచిన నోరు కిందికి ఉంది. మూసిన పైభాగంలో సన్నని ఉక్కు జాలీ ఉంది. ఆ జాలీకి పూసిన మందు గాలిలోని నైట్రోజన్ డయాక్సైడును పట్టి ఉంచుతుంది. నిచ్చెన దిగి, చేతి గడియారం చూసి, నోటుపుస్తకంలో వేళ రాసుకుంది.

పాత డీజిలు కార్లను నగరం నడిబొడ్డులోకి రానివ్వకూడదని తీర్మానం సిద్ధమవుతోంది. ఏయే వీధులు ఆ హద్దులోకి వస్తాయన్నదే తేలాలి. కాల్టెన్‌బ్రున్ వీధి సరిగ్గా అంచున ఉంది. హద్దుకు బయట మిగిలిందా, పెద్ద రోడ్డు మీద ఆగిపోయిన బళ్ళన్నీ ఈ ఇరుకు వీధిలోకే మళ్ళుతాయి. ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి నలభై మైక్రోగ్రాములు దాటినట్లు తేలితే వీధిని లోపలికి తీసుకుంటామని అధికారులు మాట ఇచ్చారు. ఊళ్ళోని ఒక కొలతల సంఘం తరఫున వీధివాళ్ళే నాలుగేసి వారాల చొప్పున పదమూడు విడతలు కొలవాలి. వాటిలో పన్నెండైనా చెల్లాలి. జనవరిలో మొదటి గొట్టాన్ని గాలివాన ఎత్తుకుపోయింది. ఇక ఒక్కటి పోయినా ఏడాదంతా పోయినట్లే.

ఆమెకు ఒక ఏడాది అంటే లెక్క వేరు. భర్త ఎర్విన్ ఊపిరితిత్తులు నాలుగేళ్ళుగా పాడవుతూ వస్తున్నాయి. ఆయన కుర్చీ పక్కనున్న వీధి కిటికీ రెండేళ్ళుగా తెరవలేదు. ఆ కిటికీ తెరిచి కూర్చోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక కోరిక. వీధి పొగవల్లే ఈ జబ్బు వచ్చిందని డాక్టరు ఎన్నడూ అనలేదు, కనుక ఆమె కూడా అనలేదు. ఇకమీద ఏళ్ళను మరీ దూరం లెక్కపెట్టుకోవద్దని మాత్రం డాక్టరు అన్నాడు.

రోస్విటా పదిహేడో ఏట ఫ్యాక్టరీలో చేరింది. నలభై ఆరేళ్ళపాటు, డీజిలు ఇంజిన్లలో ఇంధనాన్ని చిమ్మే నాజిళ్ళ రంధ్రాలను సూక్ష్మదర్శిని కింద పెట్టి కొలిచింది. వెంట్రుకలో ఇరవయ్యో వంతు తేడా ఉన్నా పక్కన పడేసేది. అదే ఫ్యాక్టరీలో ఎర్విన్ ఇంజిన్లను నడిపి పరీక్షించేవాడు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ అన్నం, వాళ్ళ పింఛను అన్నీ డీజిలు పెట్టినవే. ఆ సంగతి ఆమె మరచిపోలేదు. మొదటి గొట్టం కట్టే ముందురోజు తమ డీజిలు కారును అమ్మేసింది. తూచేవాడు తక్కెడ మీద వేలు పెట్టకూడదని ఎర్విన్‌తో అంది.

ఆ ఇంట్లో ఆరు కుటుంబాలు. ఊడ్పు వారం వంతులవారీగా తిరుగుతుంది. ఎవరి గుమ్మానికి చెక్కపలక వేలాడితే ఆ వారం మెట్లు, వాకిలి, కాలిబాట శుభ్రం చేయాల్సింది వాళ్ళే. మార్చి మొదటి సోమవారం పలక పై అంతస్తు హేఫెలె గారి గుమ్మానికి చేరింది. ట్రామ్ మరమ్మతుల షెడ్డులో మేస్త్రీగా రిటైరైన మనిషి. ఆయన వారంలో కాలిబాట మీద అన్నం పెట్టుకు తినవచ్చని ఇంట్లో సామెత.

శనివారం మధ్యాహ్నం ఆయన చీపురు పట్టుకుని మెట్ల మీద ఎదురయ్యాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఎబెర్లె గారూ, మీ గొట్టంలో సాలీడు కాపురం పెట్టేసిందండీ. నా వారంలో అట్లాంటివి కుదరవు కదా. దించి, వేడినీళ్ళలో సబ్బేసి కడిగి, ఆరాక మళ్ళీ అక్కడే కట్టేశా. వెళ్ళి చూడండి, అద్దంలా ఉంది.”

రోస్విటా ఒక మెట్టు దిగి ఆగింది. “పైమూత కూడా తీశారా?”

“తీయకుండా కడగడమేంటండీ? లోపల జాలీకి ఏదో జిగురు పట్టుకుని ఉంది. అదీ వదలగొట్టా.”

“ఆ జిగురే నా కొలతండీ.”

హేఫెలె మెడ ఎర్రబడింది. చీపురు గోడకు ఆనించి, తనకు తెలియదని రెండుసార్లు అన్నాడు. ఆమె తిట్టలేదు. శుభ్రం చేసినందుకు ఒకరిని తప్పుపట్టిన చరిత్ర ఆ ఇంట్లో లేదు.

సాయంత్రం రొట్టె, జున్ను ముందు పెట్టుకుని ఎర్విన్ మెల్లగా అడిగాడు, అట్లాగే ఉంచి పంపేస్తే ఎవరికి తెలుస్తుందని.

“దాదాపు సున్నా చూపిస్తుంది. మన వీధిది మంచుకొండల గాలని రాసుకుంటారు,” అంది. “అయినా, ఎవరికీ తెలియకపోవడమేంటి? నాకు తెలుసుగా.”

నియమాల కాగితం తీసి మళ్ళీ చదివింది. పాడైన గొట్టం స్థానంలో అదే విడతలో కొత్తది కట్టవచ్చు. అయితే అది కనీసం 504 గంటలు గాలిలో ఉండాలి. ఈ విడత ఏప్రిల్ 2 ఉదయం 7.10కి ముగుస్తుంది. అక్కడి నుంచి ఇరవై ఒక్క రోజులు వెనక్కి లెక్కించి, సోమవారం 7.10 అని రాసింది. తరువాత ఆ అంకె కొట్టేసింది. మార్చి 25న వేసవి కాలమానం మొదలై గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, లెక్కలో ఒక గంట తగ్గిపోతుంది. గడువు 7.10 కాదు, 6.10.

అదనపు గొట్టాలు కొలతల సంఘం కార్యదర్శి కిమ్మెర్లె గారి దగ్గర ఉన్నాయి. కొండల మీద, ఒక పల్లెలో, ఆవిడ ఇంటి ఫ్రిజ్‌లో, జామ్ సీసాల పక్కన. ఆదివారం ఆ పల్లెకు బస్సు లేదు. రైలు దిగాక పదకొండు కిలోమీటర్లు. రోస్విటా నడక బూట్లు తీసి గుమ్మం దగ్గర పెట్టింది. ఎర్విన్ ఆ బూట్ల వైపు చూశాడు కానీ వద్దనలేదు. వద్దన్నా ఆగే మనిషి కాదని ఆయనకు నలభై మూడేళ్ళుగా తెలుసు.

ఆదివారం ఉదయం తలుపు తీసేసరికి హేఫెలె నిలబడి ఉన్నాడు, చేతిలో కారు తాళంతో. ఎర్విన్ ఆయనకు ఫోన్ చేశాడట.

ఆ కారు పద్నాలుగేళ్ళ డీజిలు. ఆమె తటపటాయించడం చూసి ఆయన, కడిగినవాడే తేవాలి కదా అన్నాడు. ఆమె బూట్లు విప్పలేదు, అలాగే ఎక్కింది.

నగరం దాటారు. కొండ ఎక్కుతుండగా ఆయనే మొదలుపెట్టాడు.

“మీ అంకె నలభై దాటితే నా బండి మన గుమ్మం ముందుకు రావడానికి వీల్లేదు. అవునా?”

“అవునండీ.”

“కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. పైగా డీజిలు కూడా నాదే.” బండిని మలుపు తిప్పి, “తక్కువొస్తే?” అన్నాడు.

“ఎక్కువే రావాలని నాకుంది. కానీ వచ్చిందే రాస్తాను.”

ఆయన గేరు మార్చాడు. “మూడు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిందండీ ఇది. దీని నాజిళ్ళు మీ చేతి మీదుగానే వచ్చుంటాయి.”

“2004 బండి కదా. వచ్చే ఉంటాయి.” ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. “నేను చూసి పంపినవాటిలో ఒక్కటీ వెనక్కి రాలేదు.”

“అందుకే అడుగుతున్నా. ఈ కొలతా వెనక్కి రాదు కదా?”

“రాదు.”

సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకు కొత్త గొట్టం కట్టింది. హేఫెలె కింద నిచ్చెన పట్టుకున్నాడు. మార్చి 10న పొరుగువారు గొట్టం కడిగారని, 11న కొత్తది కట్టామని నోటుపుస్తకంలో రాసి, ఆ పేజీ నకలు గొట్టాలను పరీక్షించే ప్రయోగశాలకు పంపింది. ఏప్రిల్ 2, ఈస్టర్ సోమవారం, 7.10కి దించింది. 517 గంటల 50 నిమిషాలు.

ఏప్రిల్ 16న హేఫెలె వంతు మళ్ళీ వచ్చినప్పుడు, వాననీటి గొట్టానికి ఒక అట్టముక్క వేలాడింది. దాని మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: ఊడ్వవచ్చు, కడగరాదు.

మిగిలిన పది విడతల్లో ఏ గొట్టమూ పోలేదు.

2019 ఫిబ్రవరి 14న ప్రయోగశాల నుంచి కవరు వచ్చింది. హేఫెలె మెట్ల మీదే ఉన్నాడు. అడగలేదు, కానీ కదలనూ లేదు. రోస్విటా తలుపు బార్లా తీసి ఆయనను లోపలికి రమ్మంది. ఎర్విన్ మూసిన కిటికీ పక్కన, ఒక చెయ్యి గొళ్ళెం మీద వేసి కూర్చుని ఉన్నాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని పట్టికను మొదటి వరుస నుంచీ చదివింది. మొదటి విడత: లేదు. రెండు: చెల్లింది. మూడు: చెల్లింది, గొట్టం మార్చిన వివరం అందింది. అలా పదమూడు దాకా ఒక్కటీ వదలకుండా చదివి, చివరి వరుసలోని ఏడాది సగటు కింద వేలు పెట్టి, ఇద్దరికీ వినపడేలా చెప్పింది.

43.7