అత్తమ్మ కొలతకు లేచిన సోలార్

కరోనా రెండో ఏడు సూరత్‌లో మాకు జబ్బుకన్నా నీళ్ళ బాధే ఎక్కువైంది. ఊరి అంచున వడోద్ పేటలో మా నాలుగంతస్తుల బిల్డింగు నిండా తెలంగాణ నుంచి వచ్చిన మగ్గాల వాళ్ళమే. మగ్గాలు ఆగిపోయేసరికి సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. నీళ్ళు పైకి ఎక్కించే మోటారు అందరి ఉమ్మడి మీటరు మీద నడిచేది. ఉన్నవాళ్ళం ఆ బిల్లు మోయలేక పొద్దున కాసేపు వేసి ఆపేసేవాళ్ళం. పై అంతస్తులో ఉన్న మా కుళాయికి గాలి తప్ప మరేమీ వచ్చేది కాదు. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు, మా ఆయనకు పనిలేని దిగులు. కింది నుంచి బిందెలు మోసేది నేనే. ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఒళ్ళు మండిపోయేది.

అలాంటప్పుడు విన్నాను ఆ కొత్త నియమం సంగతి. ఇరుగుపొరుగు కలిసి ఒకే కప్పు మీద సోలార్ పలకలు పెట్టుకుంటే కరెంటు కంపెనీ కాదనకూడదట, ఆ కరెంటును ఉమ్మడి మీటరులో లెక్కకట్టి తీరాలట. గుజరాతీ టీవీలో ఆ వార్త చదివినామె అదేదో మామూలు విషయమన్నట్టు చదివేసి క్రికెట్‌లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం కుడుతున్న చీర లేసు పక్కన పడేసి లేచాను. బిల్డింగులో గడపగడపా తిరిగి ఒప్పించాను. ఊళ్ళకు పోయినవాళ్ళు ఫోన్లలోనే సరేనన్నారు. సర్కారు ఇచ్చే సాయం పోను మిగిలినదానికి చీటీ ఎత్తాం.

అడ్డం పడింది మా అత్తమ్మే.

"మేడ నిండ పలకలు పెడితే బతుకమ్మ ఏడ ఆడాలెనే? కరోనా అని మైదానం బంద్ పెట్టిండ్రు. గీ మేడ గూడ లేకుంటే మెట్ల మీద ఆడాల్నా?"

"బిందెలు మోసేది నేను అత్తమ్మా, నువ్వు కాదు" అన్నాను. అన్నానే గాని ఆమె మాటలో న్యాయం ఉంది. ఇంత పెద్ద నగరంలో మా ఆడవాళ్ళు నలుగురు చేరి చప్పట్లు కొట్టి పాడుకునే చోటు ఆ మేడ ఒక్కటే.

చివరికి పలకలు బిగించే మేస్త్రీని పిలిచి, స్తంభాలు లేపి పందిరిలా వేయమన్నాను. మేస్త్రీ కూడా మా కరీంనగర్ దిక్కువాడే. ఎంత ఎత్తు లేపాలని అడిగాడు. అత్తమ్మ ఇంట్లోకి వెళ్ళి బతుకమ్మను పేర్చే తాంబాళం తెచ్చింది. పూల కాలం కాదు కనుక దానిలో స్టీలు డబ్బాలు ఒకదానిపై ఒకటి పేర్చి, నెత్తిన పెట్టుకుని మేడ నడుమ నిలబడింది.

"కొల్వు బిడ్డా. ఇంకో జానెడు ఎక్కువనే పెట్టు. మా వదినె నాకన్న పెద్దగ పేరుస్తది."

మేస్త్రీ నవ్వు ఆపుకుంటూ టేపు తీశాడు. మా సోలార్ ఎత్తు అదే.

పలకలు ఎక్కాక ఆడవాళ్ళమంతా మాస్కులు కట్టుకుని సోలార్ మీటరు కోసం కరెంటు ఆఫీసుకు వెళ్ళాం. "ఇన్ని ఇళ్ళకు కలిపి ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదు, కుదరదు" అన్నాడు అక్కడి సాబు గుజరాతీలో. నేను సూరత్‌లో పెరిగినదాన్ని, గుజరాతీలో పోట్లాట నాకేమీ కొత్త కాదు.

"ఇవ్వకపోతే ఇప్పుడివ్వండి. ఇచ్చి తీరాలని నియమం వచ్చింది. కుదరదంటే ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అన్నాను.

సాబు కలం ముట్టలేదు. లోపలికి వెళ్ళి పెద్ద సాబుతో మాట్లాడి వచ్చి, మనిషిని పంపిస్తానన్నాడు. ఆఫీసు మెట్లు దిగుతూ మేం నవ్విన నవ్వుకు మాస్కులు జారిపోయాయి. గెలిచాం. ఆ మాట నేను గట్టిగానే అన్నాను, లోపలికి వినపడాలనే.

మీటరు బిగించిన మధ్యాహ్నం మోటారు వేశాం. ఆపమని ఎవరూ అరవలేదు. మా వంటింటి కుళాయి మొదట గురగురలాడింది, తుప్పునీళ్ళు కక్కింది, ఆ తర్వాత ధార కట్టింది. బిందె పెట్టాను. నిండింది. పొర్లింది.

"బంద్ చెయ్యే, నీళ్ళు పోతున్నయ్!" అంది అత్తమ్మ. అందే గాని కుళాయి పక్కనే నిలబడి కూడా తను దాన్ని కట్టేయలేదు.

మా ఇంట్లో నీళ్ళు వృథా కావడం అదే మొదటిసారి. నాకు పాపమనిపించలేదు.