పటకారు పట్టని చెయ్యి

జపాన్ నుంచి వచ్చాక అందరూ అక్కడి తిండి గురించే అడుగుతున్నారు. పచ్చి చేప తిన్నావా, పుల్లలతో ఎలా తిన్నావు అని. తిన్నాననీ, చివరికి చెంచా అడిగాననీ చెప్పి నవ్విస్తున్నాను. రొట్టెల కొట్టు సంగతి మాత్రం ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు.

నేను వెళ్ళింది మా చెల్లెలి పోరు పడలేక. దాని కూతురు ఒసాకా దగ్గర ఒక చిన్న ఊళ్ళో బేకరీ పని నేర్చుకుంటోంది. తిరిగొచ్చి దర్శిలో సొంతంగా బేకరీ పెట్టాలని ఆ పిల్ల పట్టుదల. "అన్నయ్యా, నువ్వొకసారి వెళ్ళి చూసొస్తే నా మనసు కుదుటపడుద్ది" అంది చెల్లెలు. అంటూనే కందిపొడి, గోంగూర పచ్చడి మూటకట్టి చేతిలో పెట్టింది.

స్టేషన్ నుంచి నడుస్తూనే మేనకోడలు శుభవార్త చెప్పింది. ఇన్నాళ్ళూ దాన్ని కౌంటర్ దగ్గరే ఉంచారట, పిండి ముట్టనివ్వలేదట. "సోమవారం నుంచి లోపలికి రమ్మన్నారు మావయ్యా. ఆవిడ అంత తేలిగ్గా ఎవర్నీ లోపలికి రానివ్వదు" అంది. ఆవిడంటే కొట్టు యజమానురాలు. ఆ మాట చెబుతున్నంతసేపూ పిల్ల కాళ్ళు నేలమీద నిలవలేదు.

మొదటి రెండు రోజులూ నేను అన్నిటికీ వంకలు పెట్టాను. ఒక హోటల్లో తలుపు దగ్గరున్న మిషన్ మీట నొక్కి చీటీ తీసుకుంటే గానీ తిండి పెట్టరు. గిన్నెడు నూడుల్స్ పులుసు ముందు పెట్టారు. అందరూ జుర్రుతుంటే ఆ చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. మా ఇంట్లో అలా జుర్రితే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. సరే, నేనూ జుర్రాను. చప్పగా ఉందని జేబులోంచి కారం పొట్లం తీసి ఎర్రగా చల్లుకున్నాను. వంటాయన చూసి తల తిప్పుకున్నాడు.

కాఫీ కొట్టులోనైతే అందరూ పరీక్ష రాస్తున్నట్టు కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి మా గుమాస్తా ఫోన్ చేసి తేజ రకం మిర్చి ధర పడిపోయిందన్నాడు. నేను మిర్చి యార్డులో అరిచినట్టే అరిచాను. కప్పులు తుడుస్తున్న అమ్మాయి గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మావయ్యా, మెల్లగా" అంది మేనకోడలు.

"ఏం, మాట్లాడితే పన్నేస్తారా ఇక్కడ?" అన్నాను. అప్పటికి నాకింకా సిగ్గు పుట్టలేదు.

శనివారం ఉదయం దాని కొట్టు చూడ్డానికి వెళ్ళాను. చెక్క అరల మీద పళ్ళేల్లో రొట్టెలు, బన్నులు తెరిచే పెట్టారు. తలుపు దగ్గర ఖాళీ పళ్ళేలు, పటకార్లు ఉన్నాయి. అవి కొట్టువాళ్ళు వాడుకునేవి కాబోలు, కొనేవాళ్ళకి కాదు అనుకున్నాను. మేనకోడలు కౌంటర్ దగ్గర ఎవరికో రొట్టెలు కాగితంలో చుడుతోంది. నన్ను చూసి ఒక్క నిమిషం అని కళ్ళతోనే చెప్పింది. ఆ ఒక్క నిమిషమే నా కొంప ముంచింది.

నేను ముప్పై ఏళ్ళుగా మిర్చి కొంటున్నవాణ్ణి. యార్డులో బస్తా మూతి విప్పగానే చెయ్యి మోచేతిదాకా దూర్చి అడుగునుంచి గుప్పెడు కాయలు తీస్తాం. పిసికితే తేమ తెలుస్తుంది. తొడిమ తుంచి వాసన చూస్తే ఘాటు తెలుస్తుంది. చూసిన కాయని మళ్ళీ బస్తాలోనే పడేస్తాం. సరుకు నచ్చలేదని మొహం పెడితే రైతు ఇంకో మంచి బస్తా విప్పుతాడు. చెయ్యి పెట్టకుండా కొనేవాణ్ణి మా దగ్గర వెర్రివెంగళప్ప అంటారు.

బన్ను బొటనవేలితో నొక్కాను. మెత్తగా దిగింది. పక్కదీ నొక్కాను, దాని పక్కదీ నొక్కాను. చేతికర్రంత పొడుగు రొట్టె ఒకటి కనిపిస్తే కొస విరిచి, చెవి దగ్గర నలిపి, వాసన చూసి, ముక్కని మళ్ళీ అక్కడే పడేశాను. ఇంతలో లోపలినుంచి యజమానురాలు వచ్చింది. అరవై దాటిన మనిషి, తలకి తెల్లగుడ్డ కట్టుకుంది. నాకు వంగి దణ్ణం పెట్టి, ఆ పళ్ళెం లోపలికి తీసుకుపోయి, వేడివేడిగా ఇంకో పళ్ళెం తెచ్చి పెట్టింది.

సరుకు తెలిసినవాణ్ణని గుర్తుపట్టి మంచి సరుకు తీసింది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఛాతీ విరుచుకుని వాటిని కూడా వరసగా నొక్కాను.

ఆ పళ్ళెమూ లోపలికి పోయింది. అప్పుడు మేనకోడలు వచ్చింది. దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. యజమానురాలి దగ్గరికి వెళ్ళి నడుం దాకా వంగింది. లేచి మళ్ళీ వంగింది. పండక్కి పెద్దల కాళ్ళకి దణ్ణం పెట్టమంటే గదిలో దాక్కునే పిల్ల అది. నేను చేసినదానికి పరాయి మనిషి ముందు అలా వంగుతుంటే నేలలోకి దిగిపోవాలనిపించింది. అవన్నీ నేనే కొంటానని చెప్పమన్నాను. "చెయ్యి తగిలినవి అమ్మరు మావయ్యా" అంది నేలచూపులు చూస్తూ.

ఆదివారం గదిలోంచి బయటికి రాలేదు. తలనొప్పి అని చెప్పాను. సోమవారం మాత్రం ఉండబట్టలేకపోయాను. మర్నాడే నా ప్రయాణం. మేనకోడలు లోపల పిండి కలుపుతూ ఉంటే కిటికీ అద్దంలోంచి చూసి, కొట్టులోకి అడుగుపెట్టకుండా తిరిగి వచ్చేద్దామని వెళ్ళాను.

అది కౌంటర్ దగ్గరే ఉంది. నన్ను చూసి తనే బయటికి వచ్చి లోపలికి తీసుకెళ్ళింది.

"ఏమ్మా, ఇవాళ్టి నుంచి లోపలన్నావుగా?"

"తర్వాత చూద్దామన్నారు మావయ్యా. ఏం పర్లేదులే" అంది, రోజూ వినే మాటే అన్నట్టు.

రొట్టెల అర మీద ఒక కొత్త అట్టముక్క ఆనించి ఉంది. దాని మీద రంగుల్లో బన్ను, దానివైపు చాచిన చెయ్యి, ఆ చేతికి అడ్డంగా ఎర్రగీత. బొద్దుగా, చిన్న చెయ్యి. మణికట్టు దగ్గర గౌను కుచ్చుల అంచు. గీసిన తీరు చూస్తూనే ఎవరిదో పోల్చుకున్నాను. చిన్నప్పుడు మా ఇంటి గోడలన్నీ ఖరాబు చేసింది ఆ పిల్లే.

"నువ్వే గీశావా?"

"ఆవిడ గీయమన్నారు. చంటిపిల్లల చెయ్యిలాగా గీశాను మావయ్యా. పిల్లలకోసం పెట్టారనుకుంటారు, ఎవరూ ఇంకేం అనుకోరు" అంది మెల్లగా.

వంకర గోరున్న నా బొటనవేలిని పిడికిలి లోపలికి ముడుచుకున్నాను. అది పళ్ళెం తీసుకుని, పటకారు నాకు అందించబోయింది. నేను రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాను.

"ఏది కావాలి మావయ్యా?" అని అడిగింది.

గడ్డంతో చూపించాను.