ఆపితే తిరగని పడవ

ఊరి చెరువులో పిల్లల్ని తిప్పే పెడల్ బోటు తప్ప సోలాపూర్‌లోని మా కుంఠా నాకా సందులో ఎవరికీ పడవ అనుభవం లేదు. అలాంటి సందులో నుంచి, నలభై ఆరేళ్ళ వయసులో, ఈత రాని నేను జెట్ బోటు నడపడం నేర్చుకోవడానికి బయల్దేరానంటే దానికి కారణం నా చెవులు.

పవర్‌లూమును మేం సాంచా అంటాం. పాతికేళ్ళుగా రెండు సాంచాల మధ్య నిలబడి చద్దర్లు నేస్తున్నాను. మొన్న వేసవిలో డాక్టరు చెవిలో లైటు వేసి చూసి ఏదో అన్నాడు. నేను "ఏంది?" అన్నాను. మళ్ళీ అన్నాడు. మళ్ళీ "ఏంది?" అన్నాను. చివరికి మా ఆవిడ రేణుక చేతులతో చెప్పింది: ఎడమ చెవి సగం పోయింది, ఆ చప్పుడు మానకపోతే కుడిది కూడా అదే దారి. డాక్టరు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

చేతులతో మాట్లాడుకోవడం మాకు కొత్త కాదు. రేణుక అదే షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి అరిచినా వినపడదు కాబట్టి షెడ్డులో అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. అరచెయ్యి కిందికి దించితే ఆపు. చూపుడువేలు తలకు పైగా ఎత్తి గుండ్రంగా తిప్పితే నడవనీ. పోగు తెగితే సాంచా వెంటనే ఆపాలి, అది మాకు మొదటి రోజే నేర్పే పాఠం. కానీ చద్దరు చివరికొచ్చాక అంచు పోగు ఒకటి తెగితే ఆపరు. అప్పుడు ఎవరో ఒకరు దూరం నుంచి వేలు తిప్పుతారు. మా పెళ్ళైన ఇన్నేళ్ళలో రేణుక నాతో నోటితో మాట్లాడినదానికన్నా చేతులతో మాట్లాడిందే ఎక్కువ. తిట్లు మాత్రం ఇంటికొచ్చాక నోటితోనే.

మా షెడ్డు సేఠ్‌కు తెలిసినాయన ఒకరు భిగ్వణ్ దగ్గర, భీమా నది మీద, పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళకు పడవలు నడుపుతాడు. కొత్తగా జెట్ బోటు కొన్నాడు. మిషను తెలిసిన మనిషి కావాలన్నాడట. మూడు రోజులు నేర్పుతారు. మూడో రోజు మనుషుల్ని ఎక్కించుకొని నడిపి చూపించాలి. నెగ్గితే నది మీద నౌకరి. లేకపోతే మళ్ళీ సాంచా, ఆ తర్వాత కుడి చెవి కూడా పోవడమే. నాకు ఆ చెవి కావాలి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ బయల్దేరేటప్పుడు నా మనసులో ఉన్నది అదొక్కటే.

ఈ సంగతి విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే మా చిన్నత్తకు తెలిసింది. సాయంత్రానికి అక్కడి ఆడవాళ్ళందరి చాటల మీదుగా తిరిగి అవతలి పేట నీలం నగర్ చేరేసరికి నాకు ఓడలో నౌకరి వచ్చిందని, దుబాయి పోతున్నానని తేలింది. ఒకాయన వచ్చి సెంటు సీసా తెమ్మన్నాడు. రేణుక ఒప్పేసుకుంది.

"నీ ఒక్కనితోని కాదు, నేను సుత వస్త," అని సంచి సర్దింది తను. ఎందుకని అడిగితే, "నీళ్ళల్ల పడితే ఎవనికో ఒకనికి చెప్పాలె గద," అంది.

పొద్దున ఆరున్నరకు సోలాపూర్ స్టేషన్లో పుణె వైపు ప్యాసింజరు ఎక్కాం. ఇది చదివి వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఉంటే, టికెట్టు ముందుగా కొనే పని లేదు, కాకపోతే మోహోళ్ దాటేవరకు నిలబడాల్సి రావచ్చు. మాకు మాత్రం ఒక ముసలి రైతు జరిగి చోటిచ్చాడు. జొన్న భాక్రీ, పల్లీల చట్నీ విప్పి ఆయనకూ పెట్టాం. ఎక్కడికని మరాఠీలో అడిగాడు. బోటు నడపడం నేర్చుకోవడానికన్నాను. ఆయన నమలడం ఆపాడు.

"ఈత వచ్చా?" అన్నాడు.

నేను సమాధానం వెతుక్కునేలోపే రేణుక మరాఠీలో చెప్పేసింది: "ఈయనకు సైకిల్ కూడా రాదు బాబా."

ముసలాయన కుర్డువాడీలో దిగుతూ తన గంపలోంచి రెండు జామకాయలు తీసి రేణుక చేతిలో పెట్టాడు. నావైపు చూసి, దవాఖానాలో పేషెంటుకు చెప్పినట్టు, ధైర్యంగా ఉండమన్నాడు.

భిగ్వణ్ స్టేషను నుంచి నది ఒడ్డుకు షేర్ జీపులో వెళ్ళాలి. జీపు నిండేదాకా కదలదు. నిండింది అని మనం అనుకున్నాక ఇంకా నలుగురు ఎక్కుతారు. పది గంటలకు ఒడ్డున దిగాం. అక్కడొక ఖానావళి, అంటే భోజన హోటలు, దాని వెనక రెండు గదులు. గదికి చేపల వాసన ఉంది, పరుపుకు అంతకన్నా ఎక్కువ ఉంది. భోజనంలో చేపల కూర మాత్రం చాలా బాగుంది, దాని కోసమైనా వెళ్ళొచ్చు.

నది గురించి నేను అనుకున్నది వేరు. ఆనకట్ట వెనక ఆగిన భీమా నీళ్ళు అవతలి ఒడ్డు కనపడనంత దూరం పరుచుకొని ఉన్నాయి. నీళ్ళల్లో అక్కడక్కడా వెదురు గడలు పాతి ఉన్నాయి, చేపలవాళ్ళ వలలు వాటికే కట్టి ఉంటాయి. రేణుక కొంగు నెత్తిమీదికి లాక్కొని, "మస్తు నీళ్ళున్నయి," అని ఊరుకుంది.

నేర్పేవాడి పేరు జాధవ్. ఖాకీ నిక్కరు, మెడలో ఈల, బొంగురు గొంతు. పడవను చూపించి మరాఠీలో మొదలుపెట్టాడు. మామూలు మోటారు పడవకు కింద పంకా ఉంటుంది, దీనికి లేదు. కింది నుంచి నీళ్ళు పీల్చి వెనక నుంచి చిమ్ముతుంది. ఆ చిమ్మే నీళ్ళను పక్కకు తిప్పితే పడవ తిరుగుతుంది. అందుకే లోతు లేని చోట కూడా పోతుంది, గడ్డి తగులుకోదు.

"ఇప్పుడు అసలు మాట విను," అన్నాడు. "దీనికి బ్రేకు లేదు. గ్యాసు అంటే కుడిచేతి కింద ఉన్న ఈ పిడి, వేగం దీంతోనే. అది తగ్గిస్తే నీళ్ళు చిమ్మడం ఆగిపోతుంది. అప్పుడు స్టీరింగు ఎంత తిప్పినా పడవ తిరగదు, పోతున్న దిక్కుకే పోతుంది. ఎదురుగా ఏదన్నా వస్తే గ్యాసు వదలకూడదు. గ్యాసు ఇస్తూనే తిప్పాలి. సమజ్లా?"

సమజ్లా అన్నాను. మాటగా నాకు బాగానే అర్థమైంది.

నా కుడి మణికట్టుకు ఎర్ర తాడొకటి కట్టాడు. నేను నీళ్ళల్లో పడితే ఆ తాడు ఊడి ఇంజిను దానంతటదే ఆగుతుందట. పడవ బయల్దేరింది. ఇంజిను చప్పుడు వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది, ఎందుకంటే మా షెడ్డులో సగం కూడా లేదు. కొంతసేపు నిటారుగా పోయాం. గాలి మొహానికి కొడుతుంటే, దుబాయి అయినా పోవచ్చు అనిపించింది. అప్పుడు ఎదురుగా ఒక వెదురు గడ కనిపించింది.

పాతికేళ్ళ అలవాటు ఒక్క క్షణంలో బయటికొచ్చింది. ఏదైనా తేడా వస్తే నేసేవాడి చెయ్యి ముందు మిషను ఆపుతుంది, తర్వాత బుర్ర ఆలోచిస్తుంది. నేను గ్యాసు పూర్తిగా వదిలేశాను. అది చాలదన్నట్టు ఎడమ చెయ్యి సాంచా హ్యాండిలు కోసం గాల్లో వెతికింది. స్టీరింగు ఎంత తిప్పినా పడవ వినలేదు, తిన్నగా వెళ్ళి వలలో దూరింది. జాధవ్ ఈల ఊదుతూనే ఉన్నాడు. వలలో పడ్డ చేపలు కూడా మమ్మల్ని వింతగా చూశాయనుకుంటాను.

చేపలవాళ్ళు వచ్చి వల విడదీశారు. వాళ్ళల్లో పెద్దాయన, "ఏ ఊరు?" అని అడిగాడు. సోలాపూర్ అన్నాను. "చద్దరా?" అన్నాడు. అవునన్నాను. "మరి ఇక్కడేం పని?" అన్నాడు.

మధ్యాహ్నం ఇంకోసారి అదే వల. రెండో రోజు పొద్దున దాని పక్క వల. జాధవ్ "గ్యాస్ సోడూ నకో," గ్యాసు వదలకు, అని అరిచేవాడు. ఆ అరుపు నా మంచి చెవికి చేరేలోపే చెయ్యి గ్యాసు వదిలేసి ఉండేది. ఒకసారి నా చేతిమీద తన చెయ్యి వేసి నొక్కిపట్టాడు. అప్పుడు మలుపు చక్కగా తిరిగింది. చెయ్యి తీయగానే మళ్ళీ పాత కథ.

"అరె, ఇది లూమ్ కాదు," అన్నాడు. "దీంట్లో ఏ దారం తెగదు."

సాయంత్రం గదిలో స్టీలు పళ్ళెం పట్టుకొని స్టీరింగులాగా తిప్పుతూ కూర్చున్నాను. కుడిచేత్తో గ్యాసు పిడిని పట్టినట్టు మోకాలిని నొక్కి, ఎదురుగా గడ ఉందనుకొని, వదలకుండా తిప్పడం. రేణుక వచ్చి ఆ పళ్ళెంలోనే భాక్రీ వేసింది.

"రేపు కాకపోతే ఏం జేస్తవ్?" అంది.

"మల్ల షెడ్డుకే," అన్నాను.

తను నా కుడివైపుకు, మంచి చెవి పక్కకు, వచ్చి కూర్చుంది. ఎప్పుడూ ఎడమవైపు కూర్చునే మనిషి. నాకు భయం అప్పుడు మొదలైంది, నీళ్ళ భయం కాదు.

మూడో రోజు తొమ్మిది గంటలకు పడవల యజమాని వచ్చి కుర్చీ వేసుకొని ఒడ్డున కూర్చున్నాడు. జాధవ్ పరీక్ష చెప్పాడు. కనీసం ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకోవాలి. రెండు వరసల గడల మధ్య సన్నటి దారిలో పోవాలి, చివర మునిగిపోయిన చెట్టు మొద్దు చుట్టూ తిరగాలి, అదే దారిన వచ్చి ఒడ్డుకు చేరాలి. వెనక సీట్లో తాను కూర్చుంటాడు. ఇంకొకరు కావాలి.

ఎవరూ రాలేదు. ఖానావళి వంటాయన పొయ్యి మీద కూర ఉందన్నాడు. చేపలవాళ్ళు తమ వలల దగ్గర నిలబడాల్సి ఉందన్నారు, అది న్యాయమే. పక్షుల్ని చూడ్డానికి వచ్చిన ఒక కుటుంబం మేం తర్వాత వస్తామని జీపు నీడలోకి జరిగింది. యజమాని వాచీ చూసుకున్నాడు.

రేణుక చెప్పులు విడిచి ఒడ్డున పెట్టింది. లైఫ్ జాకెట్ చీర మీద తొడుక్కొని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి, నా ముందున్న సీట్లో కూర్చుంది. నాకు తన వీపు, కొంగు మాత్రమే కనిపిస్తున్నాయి.

"నడువయ్యా," అంది.

ఇంజిను అందుకుంది. గడల దారి దగ్గరపడింది. మొదటి గడ నేరుగా ముక్కు మీదికి వస్తున్నట్టే ఉంది. నా చెయ్యి వదులవడం నాకే తెలుస్తోంది. వెనక జాధవ్ అరుస్తున్నాడు, వినపడటం లేదు. సరిగ్గా అప్పుడు నా ముందు రేణుక చెయ్యి తల పైకి లేచింది. చూపుడువేలు గుండ్రంగా తిరిగింది.

నడవనీ.

ఆ సైగను నా చెయ్యి పాతికేళ్ళుగా వింటోంది. నన్ను అడక్కుండానే గ్యాసు నొక్కింది. పడవ ముక్కు పైకి లేచి, గడకు జానెడు దూరంలో పక్కకు తిరిగింది. రెండో గడ దగ్గర కూడా ఆ వేలు తిరుగుతూనే ఉంది. మూడో దాని దగ్గరా అంతే. చెట్టు మొద్దు చుట్టూ తిరుగుతుంటే నీళ్ళు ఎగిరి జాధవ్ మొహాన పడ్డాయి, ఆయన ఈల నోట్లోనే తడిసిపోయింది. మళ్ళీ గడల దారి. రేణుక వేలు ఆగలేదు, నా చెయ్యి వదలలేదు. ఒడ్డు దగ్గర జనం కేకలు వేస్తుంటే తను చెయ్యి దించాక మెల్లగా గ్యాసు తగ్గించాను. పడవ ఇసుకలో బుద్ధిగా ఆగింది. దూరంగా వల దగ్గరున్న పెద్ద చేపలాయన రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు.

యజమాని కుర్చీలోంచి లేచి, పండగ సెలవుల నుంచి రమ్మన్నాడు. జాధవ్ మొహం తుడుచుకుంటూ, "వహినీ రోజూ వస్తారా?" అని అడిగాడు. వదినగారు వస్తేనే తాను ఎక్కుతాడట.

మధ్యాహ్నం మూడింటి ప్యాసింజరుకు తిరుగు ప్రయాణం. కిటికీ సీటు తనకిచ్చాను. కుర్డువాడీ దాటాక, ఎదురుగా వచ్చే ఎక్స్‌ప్రెస్ కోసం మా బండిని జొన్న చేల మధ్య ఆపేశారు. చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. ఎవరూ మాట్లాడటం లేదు. నా జన్మలో అంత నిశ్శబ్దంలో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నది ఎప్పుడో నాకు గుర్తులేదు.

"నీకెట్ల తెలిసింది?" అని అడిగాను. "ఏ గడ కాడ ఎంత దూరముందో, ఎప్పుడు నడవనియ్యాలెనో. నేను నీ వేలే జూసుకుంట తిప్పిన. లేకపోతే నాతోని కాకపోతుండె."

రేణుక నా కుడివైపుకు వంగి, పక్కవాళ్ళకు వినపడకూడదని, చాలా చిన్న గొంతుతో చెప్పింది. షెడ్డులో అయితే ఆ గొంతు గాలిలో కలిసిపోయేది. డాక్టరు దగ్గర అయితే నేను మళ్ళీ "ఏంది?" అనేవాణ్ణి. ఇప్పుడు ప్రతి మాటా విన్నాను.

"నాకేం తెలుసు. పడవ ఎక్కినప్పటి నుంచి దిగేదాక నేను కండ్లు మూసుకొనే ఉన్న."