మణికట్టు మీద పండు, గుమ్మంలో తోలు

కోవిడ్ వార్డులో డ్యూటీ చేసిన రోజుల్లో నాకూ వచ్చి తగ్గింది కానీ, పోయిన వాసన పూర్తిగా తిరిగి రాలేదు. రెండేళ్లలో కాఫీ తెలిసింది, నిమ్మకాయ తెలిసింది, మా ఆయన చొక్కా మాత్రం తెలియలేదు. ఆయన షార్జాలో సోఫాలకు తోలు కుట్టే పని చేస్తారు. ఒకప్పుడు ఆయన తలుపు తీయగానే, “ముందు స్నానం చేసి రండి బాబూ!” అని ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఆ కంపు కోసమే మొహం వాచిపోయాను. పండు వాసనతో మొదలై తోలు వాసనలోకి దిగే సెంటు ఒకటుందని మా వార్డులో ఒకావిడ చెప్పింది. పండు ఎలాగూ తెలుస్తుంది, దాని వెనకాలే తోలు కూడా రాకపోతుందా అని బయల్దేరాను.

సెలవు రోజు ఉదయం ఎనిమిదింటికి మేముండే అజ్మాన్‌లో దుబాయ్ బస్సు ఎక్కాను. పన్నెండు దిర్హాములయింది. యూనియన్‌లో దిగి, గ్రీన్ లైన్ మెట్రో పట్టుకుని గోల్డ్ సూక్ స్టేషన్‌కి వెళ్తే, అక్కణ్ణించి కాస్త నడకలో సెంటు కొట్ల వీధి వస్తుంది. శుక్రవారం మాత్రం పొద్దున్నే వెళ్ళకండి, నమాజు అయ్యేదాకా సగం కొట్లు మూసే ఉంటాయి.

నేను ఆగిన కొట్టు పెద్దాయనది హైదరాబాద్ పాతబస్తీ. నా మణికట్టు మీద రెండు చుక్కలు వేశారో లేదో, నేను మణికట్లు, అరచేతులు, వేళ్ల సందులు, గోళ్ల చివర్లు వరసగా రుద్దేశాను.

“అరె, రుద్దకు బేటీ! శానిటైజర్ అనుకున్నవా? పండు ఖలాస్!”

“నర్సునండీ, చేతికి ఏది తగిలినా రుద్దేస్తాను.”

ఆయన పగలబడి నవ్వి, ఈసారి మోచేతి మడతలో వేశారు. “దీన్ని ముట్టకు. ఎండల తిరుగు, ఒళ్లు వెచ్చబడితే తోలు లేస్తది. నచ్చితెనే కొను.”

ముందుగా రేగువడియం! అదే పులుపు, అదే తీపి. వీధిలో నిలబడి చెయ్యి మళ్లీ మళ్లీ వాసన చూసుకున్నాను. దిర్హామిచ్చి పడవలో క్రీక్ దాటి అవతలి ఒడ్డున బర్‌దుబాయ్‌లో దిగేసరికి పులుపు తగ్గి బెల్లప్పాకంలా చిక్కబడింది. అక్కడ ఆంధ్రా మెస్‌లో పప్పన్నం తింటుంటే పాకమూ పోయి, వక్కలాంటి వగరు మిగిలింది. తోలు జాడ లేదు. ఎంత పిచ్చిదాన్ని, సెంటుతో ముక్కు బాగుపడుతుందా అని నా మీద నాకే ఒళ్లు మండింది. తిరుగు బస్సులో కునుకు పట్టి, మోచేతి మీద ముఖం పెట్టి పడుకున్నాను. లేచేసరికి లీలగా కొత్త చెప్పుల పెట్టె వాసన. నిజమో, నా ఆశో తేల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చి చేతులు మోచేతుల పైదాకా సబ్బుతో కడుక్కుని కూర తిరగమోత పెడుతుంటే తలుపు చప్పుడైంది.

“ముందు స్నానం చేసి రండి బాబూ!”

నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. జిగురు, చెమట కలిసిన తోలు. ఏ సీసాలోనూ ఉండదది. ఆయన ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండా గుమ్మంలోనే ఉండిపోయారు.

“ఏవన్నావే? మళ్లీ అను.”

మళ్లీ అన్నాను, ఏడుస్తూ.

మర్నాటికి అది సగమే తెలిసింది, ఆ మర్నాడు కాస్త ఎక్కువ. వస్తూ పోతూ ఉన్నా, చివరికి ఉండిపోతుందనే నా నమ్మకం. మీరూ వెళ్తే ఒక్క మాట: ఇలాంటి సెంటు కాగితం ముక్క మీద కాదు, ఒంటి మీద వేయించుకోండి, రుద్దకండి, తోలు తేలేదాకా ఆగి కొనండి. నేనింకా కొనలేదు. ఆ సాయంత్రం ఆయన్ని స్నానానికీ పోనివ్వలేదు.