ఖాళీ కుర్చీ బరువు

దెయ్యాల కబుర్లు మొదలైతే అందరూ దగ్గరికి జరిగి కూర్చుంటారు. నేను లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళే రకం. ఇప్పటికీ అంతే. తాడు, కప్పీ, ఇనుము తప్ప మరొకటి నమ్మితే కుదరని ఉద్యోగం నాది. ఇది రాయడానికి ఇన్నాళ్ళు తటపటాయించింది కూడా అందుకే. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఎవరైనా చెబితే నేనూ నవ్వేదాన్నే.

నేను పుట్టి పెరిగింది మాచ్‌ఖండ్ ప్రాజెక్టు స్టాఫ్ కాలనీలో. కొండ మీద కాలనీ, కింద లోయలో పవర్‌హౌస్. రెంటికీ మధ్య పట్టాల మీద ఇనుపతాడుతో నడిచే ట్రాలీ. పైన తాడు చుట్టే యంత్రం ఉన్న వించి గదిలో బ్రేకు పిడి పట్టుకుని ఆ ట్రాలీని దించడం, లాగడం మా నాన్న పని. పిడి మీద చెయ్యి వేసే ఉంచేవాడు, ఎవరైనా పలకరించినా తల తిప్పేవాడు కాదు.

రోజూ ఉదయం మొదటి ట్రిప్పు ఖాళీగా పంపేవాడు. తాడు సరిగ్గా ఉందో లేదో తెలియడానికని ఇంజనీర్లు అనేవారు. నాన్న మాత్రం, ఆ పని చేసి కాలం చేసినవాళ్ళది మొదటి ట్రిప్పు అనేవాడు. “ముందల పెద్దోళ్ళని ఎల్లనీ అమ్మీ, తరవాత మనం.” నాకు ఇంజనీర్ల మాటే నచ్చేది. కానీ అలవాటు మాత్రం నాన్నదే వచ్చింది.

మాకు దగ్గర్లోని ఒడిశా జయపూర్‌లో డిప్లొమా చదివి, ఎత్తైన చోట్ల తాళ్ళ మీద వేలాడుతూ చేసే పనుల్లో చేరి, చివరికి ఒక తెరచాపల ఓడలో తేలాను. నూరేళ్ళు పైబడిన ఓడ. తెరచాపలు కట్టే మూడు స్తంభాలు. ఒకప్పుడు కలప మోసిందట. ఏదో రేవులో తుప్పు పట్టి పడి ఉంటే ఒక కంపెనీ కొని బాగుచేసి, డబ్బున్నవాళ్ళు విహరించే ఓడగా మార్చింది. లోపల పాలరాతి స్నానాల గదులు, పియానో ఉన్న హాలు. పైన మాత్రం అదే పాత పద్ధతి, చేతులు బొబ్బలెక్కేలా తాళ్ళు లాగాల్సిందే. మేం చెమటలు కక్కుతుంటే ప్రయాణికులు గ్లాసులు పట్టుకుని ఫొటోలు తీసుకుంటారు.

సరదా పడినవాళ్ళని కాన్వాసు కుర్చీలో కట్టి స్తంభం మీదికి ఎత్తి సముద్రం చూపిస్తాం. ఆ కుర్చీ బాధ్యత నాది. ఒకసారి ఖాళీగా ఎత్తి దించనిదే మనిషిని ఎక్కించను. తోటివాళ్ళు ఊరుకుంటారా? “నీ బాయ్‌ఫ్రెండ్ షికారు అయిపోయిందా?” అని ఏడిపించేవారు.

అలాంటి రోజుల్లో అమ్మ పోయింది. చాలాకాలం జబ్బుతో తీసుకుని, చివరికి మంచంలో ఉందా లేదా అన్నట్టు అయిపోయి వెళ్ళింది. రిటైరయ్యాక వాళ్ళిద్దరూ రాయగడలో ఉండేవారు. అమ్మ పోయాక నాన్న ఆ ఇంట్లో మాట మానేశాడు. నాలుగు మెతుకులు తిని చెయ్యి కడిగేసేవాడు. మందులు దిండు కింద దొరికేవి. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇలాగే ఉంటే ఎంతోకాలం నిలవడన్నాడు. బతకాలనే కోరిక మందు షాపులో దొరకదు కదా. నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువొచ్చింది. ఒకరు పోతే రెండోవాళ్ళు కూడా పోవాలని రూలా?

మా ఓడ విశాఖపట్నం వచ్చినప్పుడు, సిబ్బంది కుటుంబాల కోసం ఒక పగలు సముద్రంలోకి తీసుకెళ్తామన్నారు. నేను రాయగడ వెళ్ళి, నాన్నని దాదాపు ఈడ్చుకుంటూ రైలెక్కించాను.

ఓడలో ఆయన దేన్నీ చూడలేదు. పియానోనీ చూడలేదు, సముద్రాన్నీ చూడలేదు. మధ్యాహ్నం నేను కుర్చీ సిద్ధం చేస్తుంటే మాత్రం లేచి వచ్చి చేతివించి పక్కన నిలబడ్డాడు. దాని చుట్టూ తాడు చుట్టి, ఒకరు పిడి తిప్పాలి, ఒకరు తాడు కొస పట్టుకోవాలి. ఎవరూ చెప్పకుండానే కొస పట్టుకున్నాడు.

“ఎక్కుతావా నాన్నా?” అన్నాను.

తల ఊపాడు. నెలల తరవాత ఆయన కోరిన మొదటి కోరిక.

ముందు ఖాళీ ట్రిప్పు. పిడి తిప్పడం మొదలుపెట్టాను. రెండు చుట్లు తిరిగేసరికి భుజానికి తెలిసింది, అది ఖాళీ కుర్చీ కాదు. మనిషిని ఎత్తుతున్నంత బరువు. కుర్చీ ఎదురుగానే కనబడుతోంది. అందులో ఎవరూ లేరు.

“ఆపీ అమ్మీ,” అన్నాడు నాన్న. “మనిసున్నారు.”

కప్పీ పట్టేసిందనుకుని దించడం మొదలుపెట్టాను. ఇక్కడొక సంగతి చెప్పాలి. ఖాళీ కుర్చీ తనంతట తాను దిగదు. అంత తేలిక. కింద కట్టిన తాడు పట్టుకుని గుంజాలి. ఆ రోజు ఎవరూ గుంజలేదు. కుర్చీ నిదానంగా, అడ్డంగా ఊగకుండా, నిండు బరువుతో దిగి వచ్చింది. నాన్న చేతిలో తాడు తీగలా బిగిసి ఉంది. కుర్చీ డెక్కును తాకగానే తాడు వదులైపోయింది.

డెక్కు మీద మా పనులు చూసే మేస్త్రీని బోసన్ అంటారు; ఆయన గోవా మనిషి, ఇలాంటి కబుర్లు గిట్టవు. విసుక్కుంటూనే మనిషిని స్తంభం మీదికి పంపాడు. పైన కప్పీ ఇరుసు సగం దాకా పగిలి ఉంది. ముందురోజు పరీక్షించినప్పుడు దొరకని పగులు. నాన్న ఎక్కి ఉంటే అక్కణ్ణుంచి పడేవాడే.

“ఇరుసు పగిలింది, అందుకే బరువుగా లాగింది,” అన్నాడు బోసన్ హిందీలో. సరే, ఎక్కడం ఆయన చెప్పినట్టే అనుకుందాం. పట్టేసిన కప్పీలో కుర్చీ దిగడం ఇంకా కష్టం కావాలి కదా? అది అడిగితే ఆయన కొత్త కప్పీ తేవడానికి వెళ్ళిపోయాడు.

కొత్త కప్పీ వేశాం. ఇసుక బస్తాలతో పరీక్షించాం. మళ్ళీ ఖాళీగా పంపితే కుర్చీ ఎప్పటిలాగే దూదిలా వెళ్ళొచ్చింది. అప్పుడు నాన్నని కట్టి ఎత్తాను. పైన చాలాసేపు కదలకుండా కూర్చున్నాడు. దించబోతే అంత ఎత్తునుంచి కేకేశాడు.

“ఉండవే! ఏటా తొందర? ఇంకాసేపు సూడనీ!”

ఆ కేకకి డెక్కు మీద అందరూ నవ్వారు. నేను పిడి పట్టుకుని ఏడ్చాను.

రేవుకు తిరిగొస్తున్నప్పుడు సిబ్బంది భోజనాల గదిలో నాన్న అన్నం, చేపల కూర పెట్టించుకుని, మారు అడిగాడు. తింటూ తింటూ తన అరచెయ్యి చూసుకున్నాడు.

“మీయమ్మే అమ్మీ,” అన్నాడు.

నేను వాదించబోయాను. అలసిపోయావు, అలా అనిపించి ఉంటుందన్నాను.

“నాకు తెల్దేటి? పెళ్ళయిన కొత్తల్లో పవర్‌హౌస్ సూస్తానని పేచీ పెట్టింది. ఒక్కర్తినే ట్రాలీలో కూకోబెట్టి దించినాను. ఆ బరువు ఈ సెయ్యి మరిసిపోద్దేటి?”

నాన్న కూర గిన్నె దగ్గరికి లాక్కుని నవ్వాడు.

“మంచం మీద ఎండిపోయిన మనిసి బరువు కాదమ్మీ అది. అప్పటి బరువు. బాగుంది మీయమ్మ. బాగానే ఉంది.”

నాకిప్పటికీ అర్థం కాలేదు. కప్పీల గురించి నాకు తెలిసిన ఏ లెక్కలోనూ ఆ దిగడం ఇమడదు. దెయ్యాలున్నాయని నేను ఒప్పుకోను. నాన్నతో మాత్రం వాదించడం మానేశాను. రాయగడలో ఆయన ఇప్పుడు మందులు వేళకి వేసుకుంటున్నాడు. నిన్న ఫోన్ చేసి, బెండకాయ వేపుడు మాడకుండా అమ్మ ఏం చేసేదో గుర్తుందా అని అడిగాడు.